యువజనుల వేపింగు వ్యసనము: వైద్యవృత్తివారి కర్తవ్యము

(వార్షిక మహాసభయందు జరిగిన యుపన్యాసము)



 విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు పలికిన పిమ్మట మేము ముచ్చటింపబూనిన విషయము కొందరికి చిన్నదిగా దోచవచ్చును. కాని మన విద్యార్థివేతనము నందుకొను బాలుడును, మన వసతిగృహమున నుండు బాలుడును, ఏ బాలుని భవిష్యత్తునకై మన పోషకులు ధనము వెచ్చించుచున్నారో ఆ బాలుడును, ఈ విషయమునకు గురియైన వాడే. అదియే ఎలక్ట్రానిక్ సిగరెట్టు. మన పిల్లలు దానిని వేప్ అందురు.

ఈ మాట విని మన గ్రామములందలి వృద్ధులు వేపచెట్టును దలచుకొందురు. అందు నవ్వదగిన దేమియు లేదు. వేపపుల్లతో పండ్లు తోముకొనుట మనకు మేలని యనాదిగా తెలియును. వేప్ అనునది కీడని యింకను తెలియదు. తల్లిదండ్రులకు తెలియకుండుట వింత గాదు. వైద్యులలోను, నర్సులలోను, దంతవైద్యులలోను, మందుల దుకాణమువారిలోను పెక్కండ్రకు దీనిని గూర్చి తగిన శిక్షణము లేకుండుటయే విచారకరము. మన సంఘమున వైద్యవృత్తి నవలంబించినవారు ఇచటను విదేశములందును గణనీయముగా నున్నారు. కావున నీ యుపన్యాసము ప్రధానముగా వారి నుద్దేశించినది.

ముందుగా నీ పరికరస్వరూపమును చెప్పవలసియున్నది. 2003వ సంవత్సరమున చీనాదేశమున హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు దీని ఆధునికరూపమును కల్పించెను. ఇందు అగ్ని లేదు, బూడిద లేదు, ఆకును లేదు. ఒక బ్యాటరీ, ఒక సన్నని లోహపు తీగచుట్ట, కొంచెము ద్రవము, ఇంతియే. పీల్చినంతనే తీగ వేడెక్కును; ద్రవము సూక్ష్మబిందువులై నోటిలోనికి పోవును. చూచువారికి నీటియావిరివలె గనబడును గాని అది నీటియావిరి కాదు. ఆ ద్రవమున ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అను పదార్థములును, మామిడి, పుదీన మొదలగు రుచులనిచ్చు రసాయనములును, సాధారణముగా నికోటినును ఉండును. వేడిచే ఫార్మాల్డిహైడు, ఎక్రోలీను మొదలగు విషము లుద్భవించుటయు, నికెలు, సీసము వంటి లోహకణములు బిందువులతో గూడి ఊపిరితిత్తులలో బ్రవేశించుటయు పరిశోధనలలో తేలినవి. కాల్చిన పొగాకు పొగయందలి విషములకంటె నివి సంఖ్యలో తక్కువయే. తక్కువయనగా లేవని యర్థము కాదు.

నికోటిన్ అన నేమో మన రైతుసోదరులకు వేరుగ జెప్పనక్కరలేదు. పేనుబంక పట్టిన పైరుపై పొగాకు కషాయమును చల్లి పురుగును జంపుట మన యనుభవములోనిదే. తడియాకును రెండుచేతుల బట్టి పనిచేసిన కూలివారికి తల తిరుగుటయు, వాంతి యగుటయు గలదు. అది చర్మముద్వారా లోనికి దిగిన నికోటిను ప్రభావము. పురుగును జంపునదియు, కూలివానికి వాంతి చేయించునదియు, వేప్‌లో బాలుని కందునదియు ఒక్కటియే పదార్థము.

పూర్వపు చుట్టకును ఈ పరికరమునకును గల భేద మొక్కటి వైద్యులు ముఖ్యముగా గమనింపవలెను. చుట్ట ఘాటు గొంతును పట్టును. మొదటిసారి త్రాగిన బాలుడు దగ్గి, కండ్లనీళ్లు పెట్టుకొని విడిచెడివాడు. ఆ ఘాటే వానికి కొంత రక్షణము. నూతన ద్రవములందు నికోటినును బెంజోయిక్ ఆమ్లముతో గలిపి లవణరూపమున నుంచుటచే ఆ ఘాటు తగ్గినది. అధికమగు నికోటిను సుఖముగా గొంతు దిగుచున్నది. 2015వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన జూల్ అను పరికరమున ద్రవము 0.7 మిల్లీలీటరు మాత్రమే. అందలి నికోటిను ఇంచుమించు ఇరువది సిగరెట్ల పెట్టెకు సమానము. ఐరోపా దేశములందు మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములకు మించరాదని నియమముండగా, జూల్ ద్రవమున 59 మిల్లీగ్రాము లుండెను. పైగా ఆ పరికరము చూచుటకు కంప్యూటరునకు దగిలించు పెన్‌డ్రైవువలె నుండును. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్న సామెత యిచట సార్థకమైనది.

గురజాడవారి కన్యాశుల్కమున గిరీశము తన శిష్యుడగు వెంకటేశమునకు చదువు చెప్పుటకు మారు చుట్ట త్రాగుట నేర్పును. మనము చదివి నవ్వుకొన్నాము. నేడా గిరీశమునకు తెర, సెల్‌ఫోను, రంగురంగుల డబ్బీలు, పండ్ల రుచులు సహాయముగా దొరకినవి. ఒక్క వెంకటేశమునకు గాక లక్షలమంది వెంకటేశములకు నొక్కసారిగా పాఠము చెప్పగల్గుచున్నాడు.

ఫలిత మెట్టిదో అమెరికా నిదర్శనముగా నిలిచియున్నది. అచట 2018 డిసెంబరున ప్రభుత్వ ప్రధానవైద్యాధికారి యగు సర్జన్ జనరల్ దీనిని యువజనులలోని మహమ్మారిగా బ్రకటించెను. 2019వ సంవత్సరపు జాతీయ పరిశీలనలో ఉన్నతపాఠశాలల విద్యార్థులలో నూటికి 27.5 మంది గడచిన ముప్పది దినములలో దీనిని వాడినట్లు తేలెను. ఆ సంవత్సరముననే, 2019 వేసవియందు, ఇల్లినాయి, విస్కాన్సిన్ రాష్ట్రముల వైద్యులు ఆరోగ్యవంతులగు యువకులు ఊపిరాడక ఆసుపత్రులలో చేరుచుండుట గమనించిరి. దగ్గు, ఆయాసము, జ్వరము, వాంతులు చూచి మొదట న్యుమోనియా యనుకొనిరి, సూక్ష్మజీవి దొరకలేదు. అన్ని రోగులయందును సామాన్యముగా నున్నది వేపింగొక్కటియే. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రి పాలైనవారును మృతులును గలిసి 2,807 మంది లెక్కకు వచ్చిరి. వారిలో 68 మంది మరణించిరి. ఆసుపత్రిలో జేరినవారిలో సగముకంటె నధికులు ఇరువదియైదేండ్ల లోపువారు. గంజాయిసారము గలిపిన ద్రవములలోని విటమిన్ ఇ ఎసిటేటు అను పదార్థము దీనికి ముఖ్యకారణముగా నేర్పడెను.

ఈ యుదంతమున మనము గ్రహింపవలసిన దేమి? రోగమును గనుగొన్నది గొప్ప యంత్రము గాదు. ఒక వైద్యుడు రోగిని సరియైన ప్రశ్న అడిగెను. ఆ ప్రశ్న అడుగనిచోట రోగి న్యుమోనియా మందులతోనే యుండిపోయియుండును.

మన దేశమునను ఇట్టి దృష్టాంతము గలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములందు స్త్రీలు చుట్ట మండుకొనను నోటిలోనుంచుకొని త్రాగు అలవాటు గలదు. దానిని అడ్డపొగ యందురు. ఆ ప్రాంతమున అంగుటి క్యాన్సరు అసాధారణముగా నుండుట చూచి విశాఖపట్టణమున పనిచేసిన వైద్యులు ‘పొగ త్రాగుదువా?’ యని మాత్రమే యడిగి యూరకుండలేదు. ఎట్లు త్రాగుదువని యడిగిరి. ఆ రెండవ ప్రశ్నయే 1950 తరువాతి దశాబ్దమున లోకమునకు క్రొత్త విషయమును దెలిపినది. మన తెలుగు వైద్యులకు ఈ సంప్రదాయ మున్నది, దానిని నిలుపుకొనవలెను.

మన దేశప్రభుత్వము 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగాను, ఆ డిసెంబరున చట్టముగాను ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారి, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, నిలువ, ప్రకటనలను నిషేధించినది. అమ్మకము మొదలగు నేరములకు మొదటిసారి ఒక యేడాది వరకు ఖైదు గాని, లక్ష రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని. మరల చేసినచో మూడేండ్లవరకు ఖైదును, అయిదు లక్షలవరకు జుల్మానాయును. చట్టము మంచిదే. కాని నిషేధింపబడిన వస్తువు చాటుగా వచ్చును. చాటుగా వచ్చినదానిలో నేమున్నదో పైనున్న చీటీ చెప్పదు. మరియొక చిక్కు గలదు. నిషేధమున్నదిగదా యని వైద్యుడు అడుగుట మానుచున్నాడు. నిషేధమున్నదిగదా యని బాలుడు చెప్పుట మానుచున్నాడు. ఇరువురి మౌనమునడుమ వ్యసనము పెరుగుచున్నది. వైద్యులు తెలిసికొనవలసిన దేమన, చట్టపు నిషేధముల పట్టికలో వాడుట యను మాట లేదు. వైద్యుని గది పోలీసుఠాణా కాదు. బాలుడు ఆ గదిలో నిజము చెప్పగలుగవలెను.

ఇక వైద్యవృత్తివారు ముఖ్యముగా నేర్వవలసిన విషయములను వివరించెదము.

మొదటిది, అడుగవలసిన మాట. ‘సిగరెట్టు త్రాగుదువా?’ యని యడిగిన బాలుడు లేదనును, అబద్ధమాడుటయు గాదు. వాని దృష్టిలో వేప్ సిగరెట్టు గాదు. వేప్, పాడ్, ఈ-హుక్కా యను వారి మాటలతోనే అడుగవలెను. ‘నీ స్నేహితులలో నెవరైన వాడుదురా?’ యని యారంభించిన, చాలమంది తమ సంగతియు జెప్పుదురు.

రెండవది, ఏకాంతము. తండ్రి ప్రక్కన కూర్చుండియుండగా పదునైదేండ్ల బాలుడేమి చెప్పగలడు? కొలదినిమిషములు తల్లిదండ్రులను బయట నుండుమనుట మన మర్యాదకు విరుద్ధమని కొందరు తలచుచున్నారు. పెద్దల గౌరవమునకు భంగము రాకుండ, ఇది వైద్యపద్ధతియని నెమ్మదిగా జెప్పిన నెవ్వరును కాదనరు. తెలుపకుండ మూత్రపరీక్ష చేయించుటవలన మాత్రము బాలుని విశ్వాసము శాశ్వతముగా పోవును.

మూడవది, వ్యసనపు లోతును కొలుచుట. ఎన్నిమారులు పీల్చెనో లెక్క దొరకదు. నిద్ర లేచిన అయిదు నిమిషములలో కావలెనా, మానజూచి మానలేకపోయెనా, లేకున్న కోపము, చికాకు, ఏకాగ్రతాలోపము కలుగునా యని యడుగవలెను. పది ప్రశ్నలతో నిట్టి పరీక్షాపత్ర మొకటి పాశ్చాత్యవైద్యు లేర్పరచియున్నారు. అందొక్క ప్రశ్నకు ఔనన్నను వాని స్వాతంత్ర్యము కొంత పోయినట్లే గ్రహింతురు. మెదడు సుమారిరువదియైదేండ్లవరకు పెరుగుచునే యుండును. వివేచనమును, నిగ్రహమును నడుపు ముందుభాగము చివరకు పరిపక్వమగును. అది పచ్చిగా నున్నప్పుడు నికోటిను తగిలిన వ్యసనము త్వరగా నాటుకొనును. మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు శిక్షణమును గూర్చి చెప్పినారు. దురభ్యాసమునకును అదే సూత్రము.

నాలుగవది, చికిత్స. మందలింపు చికిత్స గాదు. నికోటిను బంకయు, పట్టీయు ఔషధచట్టము ప్రకార మనుమతి పొందినవి గనుక 2019 చట్టపు నిషేధమునకు లోబడవు. అయినను పదునెనిమిదేండ్ల లోపువారికి వీనిని వాడుట వైద్యుని విచక్షణతో మాత్రమే జరుగవలెను. అమెరికాలో ఆ వయసువారికై వీనికి ప్రభుత్వానుమతి లేకున్నను, తీవ్రవ్యసనమున శిశువైద్యులు ఆలోచింపవచ్చునని అచటి శిశువైద్యసంఘము సూచించినది. మాటల సహాయమునకు గూడ బలమున్నది. అచట 13 మొదలు 17 ఏండ్ల వయసుగల 1,503 మందిపై చేసి 2024లో బ్రకటించిన పరిశోధనయందు, సెల్‌ఫోనుకు ప్రతిదినము ధైర్యవచనములు, ఉపాయములు పంపబడినవారిలో ఏడుమాసముల తరువాత నూటికి 37.8 మంది మానియుండిరి. అట్టి సహాయము లేనివారిలో 28 మంది. ఖర్చు స్వల్పము, లాభ మధికము. మన దేశమున పొగాకు మాన్పించు జాతీయసహాయకేంద్రము 2016 నుండి యున్నది. దాని సంఖ్య 1800 11 2356 ప్రతి సిగరెట్టుపెట్టెపై నచ్చయి యుండును. ఎందరు వైద్యులు ఆ సంఖ్యను రోగికి వ్రాసియిచ్చుచున్నారు?

అయిదవది, సత్యమును సంపూర్ణముగా జెప్పుట. ‘విదేశములలో వైద్యులే దీనిని సలహా యిచ్చుచున్నారుగదా?’ యని తెలివిగల బాలుడు ప్రశ్నించును. దానికి జంకరాదు. ఇంగ్లండునందు చిరకాలముగా సిగరెట్టు త్రాగు పెద్దవారు మానుటకు దీని నుపయోగించుట నిజమే. అచట 886 మందిపై జరిగి 2019లో వెలువడిన పరీక్షలో ఇ-సిగరెట్టుతో నూటికి 18 మంది, బంక, పట్టీలు మొదలగువానితో 9.9 మంది యొక సంవత్సరము పొగకు దూరమైరి. కాని మానినవారిలో నూటికి ఎనుబదిమంది సంవత్సరాంతమునను ఇ-సిగరెట్టును విడువలేదు. మునిగిపోవువానికి తెప్ప మేలు. గట్టుననున్న వానిని తెప్ప యెక్కించి నడియేటికి దీసికొనిపోవుట మేలా? ఎన్నడును పొగ యెరుగని బాలునకు మానవలసిన సిగరెట్టే లేదు. పైగా వేప్ పట్టిన బాలురు తరువాత సిగరెట్టు ముట్టుట కవకాశ మధికమని అమెరికా జాతీయ విద్వత్సంస్థలు 2018లో నిర్ణయించినవి. అదే ఇంగ్లండు పిల్లల నిమిత్తము 2025 జూన్ 1 నుండి ఒకమారు వాడి పారవైచు పరికరముల యమ్మకమును నిషేధించినది. ఇట్లు ఉన్నదున్నట్లు చెప్పిన వైద్యుని బాలుడు నమ్మును. ఉన్నదానికి పదింతలు చేసి భయపెట్టినవాని నొక్క మాటలో పట్టుబడగనే విడిచిపెట్టును.

ఈ శిక్షణము పెద్దయాసుపత్రుల వైద్యులతో ఆగిపోరాదు. పండ్లు పరీక్షించు దంతవైద్యుడు, పాఠశాలకు వచ్చు నర్సు, ఇంటింటికి దిరుగు ఆశాకార్యకర్త, రాత్రి దగ్గుమందునకై వచ్చిన బాలుని మొదట జూచు మందుల దుకాణదారు, గ్రామమున నాడి చూచు వైద్యసహాయకుడు, వీరందరు బాలునకు వైద్యునికంటె దగ్గరగా నుండువారు. ఇంట ద్రవపు సీసా దొరకి పసిబిడ్డ మ్రింగినచో ప్రాణాపాయమని వీరు తల్లులకు జెప్పవలెను.

ఇచట నొక సున్నితమగు మాట చెప్పక తీరదు. మన సంఘమున అనేకకుటుంబములు పొగాకువలన బ్రతికినవి. సుమారు 1920 ప్రాంతమున గుంటూరుసీమలో వర్జీనియా పొగాకు సాగు మొదలైనది మొదలు ఆ నల్లరేగడి మడులనుండియు, బ్యారన్లనుండియు వచ్చిన సొమ్ము మన పిల్లల చదువులకు బోయినది. నేడీ సభలో వైద్యపట్టము ధరించి కూర్చున్నవారిలో గొందరి ఫీజులు ఆ ఆకే చెల్లించినది. మా మాటలు పోషకులను నొప్పించుటకు గాదు. రైతును దూషించుట మా యుద్దేశము కానే కాదు. వాడు గిట్టుబాటు ధరకై బోర్డు వేలముచెంత నిలిచిన శ్రామికుడు. కాని ఆకు అమ్మి పిల్లవానిని చదివించినవాడు, ఆ యాకుసారమే పిల్లవాని చదువును హరించుచుండగా చూచి యూరకుండునా? ఆ తండ్రియే మొదట మేలుకొనవలసినవాడు. పొగాకుపైన వచ్చిన ధనమున కొంత పొగాకుకీడును తొలగించుటకై వినియోగమగుటకంటె ధర్మ్యమగు వ్యయమింకేమి గలదు?

వైద్యులు ముందు నడచినచో లోకము వెనుక నడచునని చరిత్ర చెప్పుచున్నది. 1951వ సంవత్సరమున డాల్, హిల్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు బ్రిటిషువైద్యులకే లేఖలు వ్రాసి వారి పొగత్రాగు నలవాట్లను అడిగిరి. నలుబదివేలకు పైగా వైద్యులు ప్రత్యుత్తర మిచ్చిరి. కొలదియేండ్లలోనే సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధము ఆ వైద్యుల మరణములవలననే స్పష్టమైనది. తమ సహోద్యోగుల గతి చూచి ఎందరో వైద్యులు సిగరెట్టు మానిరి; రోగులకు జెప్పుట కధికారము సంపాదించుకొనిరి. అమెరికాలోను వయోనియమము ఇరువదియొకటికి బెంచుట, రుచులను నియంత్రించుట, పాఠశాలలందు ప్రచారము, వైద్యుల హెచ్చరికలు గలిసి వచ్చిన పిదప, ఉన్నతపాఠశాలల విద్యార్థులలో 2019 నాటి 27.5 వంతు 2024 నాటికి 7.8కి దిగినది. కావున నిది యసాధ్యకార్యము గాదు. అయినను ఆ సంవత్సరమున అచట వాడు విద్యార్థులలో నూటికి 87.6 మంది రుచులు గలిపినవానినే వాడుచుండిరి. బాలుని వలలో వేయునది రుచియే యని దీనివలన తేటపడుచున్నది.

కాబట్టి సభవారి యాలోచనకు మూడు సూచనలు సమర్పించుచున్నాము. మన సంఘపు వైద్యులు, నర్సులు, దంతవైద్యులు, ఔషధవ్యాపారులు ఏటికొకమారు జిల్లాకేంద్రమున నొకదినము గూడి ఈ విషయమున శిక్షణము పొందవలెను. విదేశములందున్న మన శిశువైద్యులు తాము కన్న కేసులను అందు వివరింపవలెను. మన వసతిగృహములందు మాసమున కొకమారు వైద్యుడు వచ్చి విద్యార్థులతో వార్డెను లేకుండ మాట్లాడవలెను. దొరికిన విద్యార్థిని వెంటనే వెడలగొట్టక ముందు చికిత్సకు బంపవలెను. అడుగవలసిన ప్రశ్నలును, సహాయకేంద్రపు సంఖ్యయు గల యొక చిన్న తెలుగు పత్రికను సంఘవ్యయముతో నచ్చొత్తించి ప్రతి వైద్యుని బల్లపై నుంచవలెను. పోషకులు దీనికై ప్రత్యేకనిధి నేర్పరతురేని, ఆ నిధివలన రక్షింపబడిన యొక్క బాలుడే వారి కీర్తికి చాలును.

సోదరులారా! మన పూర్వులు పిల్లలు చదువుకొనుటకు పాఠశాలలు కట్టించిరి. తలదాచుకొనుటకు సత్రములు కట్టించిరి. ఆ పిల్లల యూపిరిని గాపాడు పని మన కాలమునకు వచ్చినది. దానికి ఇటుకలు, సున్నము నక్కరలేదు. తెలిసిన వైద్యుడు, దయగల ప్రశ్న, వినునట్టి చెవి కావలెను. అవి మనకు గలవు. వానిని వినియోగింతురుగాక యని ప్రార్థించుచున్నాము.